ఇరువదిమంది లేనిచోట కూలివాడు లేడా?

2025 నవంబరు 21వ తేదీన భారత ప్రభుత్వము నాలుగు కార్మిక స్మృతులను అమలులోనికి తెచ్చినది. అంతవఱకు వేఱువేఱుగా నడచుచుండిన 29 చట్టములు ఈ నాలుగింటిలో లీనమైనవి. నాటినుండియు పత్రికలలోను సభలలోను వాదోపవాదములు సాగుచున్నవి. పరిశ్రమాధిపతులు ఇది దేశాభివృద్ధికి రాచబాట యనుచున్నారు. కార్మిక సంఘములవారు ఇది బానిసత్వమునకు దొడ్డిదారి యనుచున్నారు. ఈ ఉభయపక్షముల వాదమును శ్రద్ధగా ఆలకించినవారికి ఒక సంగతి స్పష్టపడక మానదు. ఇరువురును మాటలాడుచున్నది వేలమంది పనిచేయు పెద్ద కర్మాగారములను గుఱించియే. తెనాలి బియ్యపు మిల్లులోని ఎనమండుగురు హమాలీలు గాని, దుగ్గిరాల పసుపు కొట్లలో కొమ్ములు ఏరు స్త్రీలు గాని, నిజాంపట్నము రేవున చేపల తట్టలు మోయువారు గాని, బాపట్ల ప్రాంతపు మగ్గముల గుంటలలో కూర్చున్న సాలెలు గాని ఏ పక్షమువారికిని జ్ఞప్తికి రాలేదు.

మన డెల్టాలో పరిశ్రమ చిన్నదిగా పుట్టినది. నూఱేండ్లు గడచినను చాలవఱకు చిన్నదిగానే యున్నది. ఒక్కొక్క కొట్టులో ఎందఱున్నారని తలలు లెక్కించి రక్షణ నిచ్చు చట్టము మన కూలివానిని చేరజాలదు. కొట్టు వాకిటనే జెండా పాతి, ఆ వాకిలి దాటి చూడని సంఘమును వానిని చేరజాలదు. ఊరి లెక్కను, వృత్తి లెక్కను కూలివారు ఏకమైననే వారికి బలము. ఇది క్రొత్త సిద్ధాంతము కాదు. మన మండల చరిత్రయే దీనికి సాక్షి.

యంత్రయుగము మన సీమకు ఏ త్రోవను వచ్చినదో ముందుగా చూడవలెను. లాంకషైరునకు అది నూలుమిల్లుగా వచ్చినది. బొంబాయికిని, అహమ్మదాబాదునకును అట్లే వచ్చినది. కృష్ణా పశ్చిమ డెల్టాకు మాత్రము అది కాలువగా వచ్చినది. 1855లో బెజవాడయొద్ద ఆనకట్ట పూర్తియైన పిమ్మట మెట్టచేలు మాగాణులైనవి. 1899 నాటికి మద్రాసు, బెజవాడల నడుమ రైలుమార్గము కలిసి బాపట్లయు తెనాలియు ఆ దారిలోని స్టేషనులైనవి. 1916లో గుంటూరునుండి తెనాలి మీదుగా రేపల్లెకు రైలు వచ్చినది. కాలువ ధాన్యమును పండించినది. రైలు దానిని దూరపు అంగళ్ళకు చేర్చినది. ఈ రెండింటి నడుమ వెలసినది బియ్యపు మిల్లు. ఒక ఇంజను, ఒక మరాడు యంత్రము, ధాన్యము ఆరబోయుటకు ఒక గచ్చు, బస్తాలు పేర్చుటకు ఒక గిడ్డంగి, పదిమంది మనుష్యులు: ఇదియే మన ప్రాంతపు కర్మాగారము. దానికి మాంచెస్టరు పొగగొట్టముల ఠీవి లేదు గాని, మనుష్యుల బ్రదుకులను తారుమారు చేయుటలో అది దేనికిని తీసిపోలేదు.

ఆ తారుమారులో మొట్టమొదట జీవనము కోల్పోయినవారు ఎవరు? దంపుడు కూలి స్త్రీలు. మిల్లు రాకమునుపు వడ్లు బియ్యమగుటకు రోలును రోకలియు తప్ప వేఱు సాధనము లేదు. ఆసాముల ఇండ్ల పంచలలో ఇద్దఱు ముగ్గురు స్త్రీలు చేరి పోటు వేయుదురు. చెఱిగి, జల్లించి, బియ్యము అప్పగించి, కూలిగా గింజలో, నూకలో, తవుడో కొంగున కట్టుకొని పోవుదురు. పొలములో పనిలేని దినములలో ఆ కూలియే వారి పొయ్యిని వెలిగించినది. ఒక మిల్లు ఒక పూటలో మరాడించినది అనేకమంది స్త్రీలు దినములకొలది దంపవలసినది. పంట యింటికి వచ్చినంతనే బండ్లు మిల్లు దారి పట్టినవి. రోళ్ళు మూలబడినవి. ఆ స్త్రీల పక్షమున ఒక్క సభ జరుగలేదు. ఒక్క వినతిపత్రము పుట్టలేదు.

ఇంగ్లండులో 1811 మొదలు 1816 వఱకు నేతపనివారు రాత్రివేళల మగ్గపు యంత్రములను పగులగొట్టిరి. లడ్డు అను పేరుగల నాయకు డొకడు ఉన్నట్లు కల్పించుకొని ఆ పేరిట పత్రములు వ్రాసిరి. 1812లో పార్లమెంటు యంత్రమును పగులగొట్టిన వానికి మరణదండన విధించుచు శాసించినది. ఆ పనివారిని లోకము మూర్ఖులనినది. అయినను వారికి ఒక పేరు మిగిలినది, వారికి వెఱచి చేసిన ఒక చట్టము మిగిలినది. మన దంపుడు స్త్రీలు ఒక్క హల్లరుపై ఒక్క రాయియైనను విసరలేదు. అందుచేత చరిత్రలో వారికి ఒక్క వాక్యమైనను దక్కలేదు. అహింసగా నష్టపోయినవారి నష్టము నష్టము కాకపోవునా?

ఆ నష్టము వారితోనే ఆగలేదు. మిల్లులో తెల్లగా పాలిషు పట్టిన పచ్చిబియ్యమే ముఖ్యాహారమైన ఉత్తర సర్కారు తీరమున బెరిబెరి వ్యాధి వ్యాపించియుండినది. ధాన్యమును ఉడికించి దంచి తిను ప్రాంతములలో ఆ బాధ అరుదు. కూనూరు పరిశోధనాలయపు వైద్యులు తవుడుతో పాటు బియ్యపు సారము పోవుచున్నదని ఋజువు చేసిరి. 1934లో గాంధీజీ అఖిలభారత గ్రామ పరిశ్రమల సంఘమును స్థాపించి దంపుడు బియ్యమును ప్రబోధించినది ఇందులకే. పట్టణములలోని విద్యావంతులు కొందఱు దానిని ముసలివాని చాదస్తమని నవ్విరి. నవ్వినవారి కంచములో తెల్లని అన్నము ఉన్నది; దంచినవారి కంచములో అన్నమే లేకపోయినది.

స్వరాజ్యము వచ్చిన తరువాత 1958లో బియ్యపు మిల్లుల క్రమబద్ధీకరణ చట్టము వచ్చినది. క్రొత్త మిల్లునకు అనుమతి నిచ్చుటకు ముందు, దానివలన ఆ ప్రాంతమున గణనీయముగా నిరుద్యోగము కలుగునా యని అధికారి విచారింపవలెనని అందులో ఒక నిబంధన యున్నది. మేము ఆ నిబంధనను మిక్కిలి గౌరవించుచున్నాము. యంత్రమును ఆపక, గ్రుడ్డిగా ఆహ్వానింపక, నీ రాకవలన ఎవరి పొట్ట కొట్టబడునని దానిని నిలబెట్టి ప్రశ్నించిన నిబంధన యది. అయితే అది వచ్చునప్పటికి మన డెల్టాలో అర్ధశతాబ్ద మాలస్యమైనది. 1997లో ఆ చట్టమే రద్దయినది. నేడు ఆ ప్రశ్న నడుగుటకు ఏ అధికారికిని బాధ్యత లేదు.

యంత్రము వచ్చిన ప్రతిదేశమునను పనివారు ఒక్క ప్రశ్ననే వేసిరి: యంత్రమువలన పుట్టిన లాభములో మా భాగ మేది? సమాధానములు మాత్రము పలువిధములు. 1834లో టోల్‌పడిల్ గ్రామపు వ్యవసాయ కూలీలు ఆరుగురు సంఘము పెట్టుకొన్న నేరమునకు ద్వీపాంతరవాస శిక్ష ననుభవించిరి. 1838 మొదలు చార్టిస్టులు ఓటుహక్కు లేనిదే కూలిహక్కు లేదని వాదించిరి. 1844లో రాచ్‌డేలు నేతపనివారు కొందఱు చందాలు వేసికొని సహకార దుకాణము తెఱచిరి. 1848లో మార్క్సు, ఎంగెల్సులు వర్గపోరాటము తప్ప మార్గాంతరము లేదని ప్రకటించిరి. వీరిలో పరస్పర ఖండనలు ఎన్ని యున్నను, ఒంటరి కూలివాడు ఓడిపోవునని అందఱును ఎఱిగినదే.

ఆ సిద్ధాంతములే మన మండలమునకు వచ్చి మూడు రూపములు దాల్చినవి.

మొదటిది స్వదేశీ మార్గము. 1921లో నాటి బాపట్ల తాలూకాలోని చీరాల, పేరాల ప్రజలు పురపాలక సంఘపు పన్నుల భారమును నిరాకరించి, ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున ఊరిని విడిచిపెట్టి, రామనగరమని పాకలు వేసికొని పదునొకండు నెలలు ఎండకు వానకు ఓర్చిరి. వారిలో నేతపనివారు అనేకులు. మగ్గపువాడు దినకూలికి తీసిపోని పేదవాడు. ఒక దినము మగ్గము ఆడకున్న ఆ దినము పస్తే. అట్టివారు పదునొకండు నెలలు నిలువగలుగుట ఎట్లు సాధ్యమైనది? ఊరు ఊరంతయు లేచినందున సాధ్యమైనది. అమ్మువాడును కొనువాడును, నేయువాడును నేయించువాడును ఒక్కచోట ఉన్నందున సాధ్యమైనది. ఆ మఱుసటి సంవత్సరారంభమున పెదనందిపాడు ఫిర్కాలో పర్వతనేని వీరయ్య చౌదరిగారు నడపిన పన్నుల నిరాకరణమునకును ఇదియే బలము. గ్రామోద్యోగులు రాజీనామాలిచ్చిరి, రైతులు శిస్తు కట్టుట మానిరి. ఏ ఒక్క రైతు గొప్పతనమును కాదు. ఫిర్కా యంతయు ఒక్క మాటపై నిలుచుటయే అందలి రహస్యము.

రెండవది రైతు మార్గము. నిడుబ్రోలునకు చెందిన ఆచార్య ఎన్. జి. రంగాగారు ఇంగ్లండులో చదివి వచ్చి, చేనేత ఆర్థికస్థితిని గుఱించి గ్రంథము వ్రాసి, రైతుసంఘములను నిర్మించి, 1934లో తమ గ్రామముననే రైతాంగ విద్యాలయమును నెలకొల్పిరి. 1936లో లక్నోయందు అఖిలభారత కిసానుసభ ఏర్పడుటలో వారు ప్రముఖులు. 1937, 38 సంవత్సరములలో ఇచ్ఛాపురమునుండి మద్రాసు వఱకు రైతురక్షణ యాత్ర నడచినది. ఆ నిడుబ్రోలుననే పుట్టిన ప్రగడ కోటయ్యగారు పిమ్మట చేనేతవారి నాయకులై జీవితమంతయు మగ్గపువాని పక్షమున వాదించిరి. రైతునకు, సాలెకు తమ కష్టము కష్టమని చెప్పుకొనుటకు నోరు నిచ్చినది ఈ మార్గము. కాని రైతు తన పొలములో నాట్లు వేయు కూలికి ఏమి ఇచ్చుచున్నాడను ప్రశ్న వచ్చినపుడు రైతుసంఘపు వేదిక సహజముగనే మందగించినది. జమీందారునెదుట పేదయైన రైతు, తన మాలపల్లి మాదిగపల్లి కూలియెదుట యజమానియే.

మూడవది ఎఱ్ఱజెండా మార్గము. 1934లో పుచ్చలపల్లి సుందరయ్యగారు మున్నగువారు ఆంధ్రమున కమ్యూనిస్టు పక్షమును నిర్మించిరి. 1937లో కొత్తపట్నమున రాజకీయ పాఠశాల నడపగా ప్రభుత్వము నిషేధించినది. వ్యవసాయ కూలీలకు వేఱుగా సంఘముండవలెనని గట్టిగా పట్టుపట్టినవారిలో వీరు ముఖ్యులు. ఆ కీర్తి వారికి చెందవలసినదే. కాని సిద్ధాంతముల తగవులలో వీరి శక్తి ఎంత వ్యయమైనదో తెనాలివారికి వేఱుగా చెప్పనక్కఱలేదు. 1964 జూలై మాసమున జాతీయసమితినుండి వెలికివచ్చిన వర్గమువారు సమావేశము జరుపుకొన్నది తెనాలిలోనే. ఆ సంవత్సరాంతమునకు పక్షము రెండైనది. సోవియటా చైనాయా యను చర్చ పట్టణమున మాఱుమ్రోగిన కాలముననే, ఆ పట్టణపు మిల్లు హమాలీకి బస్తాకు ఎంత కూలి, చేయి విఱిగిన ఎవరు దిక్కు అను చర్చయు అంత బిగ్గరగా సాగియుండవలసినది. ఒక జెండా రెండైనంత మాత్రమున మోయవలసిన బస్తా బరువు సగము కాలేదు.

ఈ మూడు మార్గములలో మేము దేనిని తృణీకరింపము. 1942 ఆగస్టు 12వ తేదీన తెనాలి రైలుస్టేషనువద్ద తుపాకి గుండ్లకు ఏడుగురు బలియైనపుడు ఏ మార్గము వాడని ఎవరును అడుగలేదు. నేడు రణరంగ చౌకులో నిలిచిన స్తూపములు అందఱివి. కాని మూడింటికిని సమానమైన ఒక కొఱత కలదు. చిన్న మిల్లులో, చిన్న కొట్టులో, గట్టుమీద, రేవుమీద దినకూలికి పనిచేయువానిని ఏ మార్గమును తన ప్రధాన పురుషునిగా చేసికొనలేదు. ఆ కూలిలో హెచ్చుభాగము ఏ పేటలనుండి వచ్చుచున్నదో మన మెఱుగనిది కాదు. కులము కూలిని నిర్ణయించుచుండగా కులమును తడవని కార్మికోద్యమము సగము ఉద్యమము. 1991 ఆగస్టు 6వ తేదీన తెనాలికి చేరువనే చుండూరులో ఎనమండుగురు దళితులు హతులైరి. కూలిచేయువాడు తలయెత్తి నిలిచినచో సహింపని మనస్సు ఇంకను చావలేదని ఆ దినము లోకమునకు చాటినది. సంఘమనగా కూలి పెంచు సాధనము మాత్రమే కాదు. తలయెత్తి నిలుచుటకు ఆధారము.

ఇక చట్టము మాట. ఈ వ్యాసకర్త వృత్తి న్యాయవాదిత్వము గావున ఈ భాగమును కొంచెము విస్తరించుట క్షంతవ్యము.

1918లో మద్రాసున బి. పి. వాడియాగారు ప్రముఖులుగా మద్రాసు కార్మిక సంఘము పుట్టినది. బకింగ్‌హాం, కర్నాటిక్ మిల్లుల యాజమాన్యము వాడియాగారిపై ఉన్నత న్యాయస్థానమున దావా వేసి, కూలీలను పని మానుడని ప్రేరేపించుట నష్టపరిహారమునకు తగిన తప్పని వాదించి, నిషేధాజ్ఞ సంపాదించినది. సంఘ నాయకుని ఇల్లు వాకిలి వేలమునకు రాగల స్థితి యది. ఇంగ్లండులో 1901లో టాఫ్ వేలు రైలు సంఘమునకు పట్టిన గతియే ఇచ్చటను పట్టినది. ఆ ఆందోళన ఫలముగా 1926లో కార్మిక సంఘముల చట్టము వచ్చి, నమోదైన సంఘమునకు అట్టి దావాలనుండి రక్షణ కలిగినది. ఆ చట్టము రద్దయినను ఆ రక్షణను క్రొత్త స్మృతియు నిలిపినది, అంతవఱకు సంతోషమే.

కర్మాగారముల చట్టము నడచిన దారి ఇంతకన్న బోధకరము. 1881లో వచ్చిన మొదటి చట్టము యంత్రశక్తితో నడచుచు 100 మందికి తక్కువ కానిచోటనే వర్తించినది. 1891లో ఆ సంఖ్య 50కి దిగినది. 1922లో 20కి దిగినది. స్వరాజ్యము వచ్చిన మఱుసటి యేడు, 1948లో, 10కి దిగినది. అరువదియేడు ఏండ్లలో గీటు మెట్టుమెట్టుగా క్రిందికి వచ్చి చిన్న కూలివాని చెంతకు చేరినది. తెల్లదొరల ప్రభుత్వము సహితము దానిని దింపినదే గాని ఎత్తినది కాదు. 2020లో చేసిన భద్రతా స్మృతి దానిని తిరిగి 20కి ఎత్తినది. యంత్రశక్తి లేనిచోట 20గా నున్నది 40 చేసినది. అనగా 1922కు తిరిగిపోతిమి. పదిమందికి తక్కువ కాని స్థలములకు కొన్ని సామాన్య విధులు మిగిలినమాట నిజము. కర్మాగారమునకు ప్రత్యేకించిన రక్షణలు మాత్రము ఇరువదవ మనిషితో మొదలగును. పందొమ్మిదిమంది యున్న బియ్యపు మిల్లులో తిరుగు బెల్టు ఇరువదవ మనిషి వచ్చువఱకు చేతిని లాగదా? ఊక ధూళికి ఊపిరితిత్తులను లెక్కపెట్టి ప్రవేశించు మర్యాద తెలియునా?

మఱికొన్ని సంఖ్యలు. పని నిబంధనలను వ్రాతపూర్వకముగా ప్రకటింపవలెనను విధికి కేంద్రచట్టమున 100 మంది యను హద్దు 300 అయినది. కర్మాగారమునుండి పనివారిని తొలగించుటకు ప్రభుత్వానుమతి కావలెనను విధికిని హద్దు 100 నుండి 300కు పెరిగినది. ఇవి తెనాలికి ఎట్లును అందనివి. అందునది ఒకటి కలదు: సమ్మెకు పదునాలుగు దినముల ముందు నోటీసు ఈయవలెనను నియమము. ఇది పూర్వము ప్రజోపయోగ సేవలకే పరిమితమై యుండెను; నేడు అన్ని పారిశ్రామిక స్థలములకును వర్తించును. సగముమంది ఒక్కసారి సెలవు పెట్టినను సమ్మెగానే గణింపబడును. కూలివానికి రక్షణ నిచ్చునప్పుడు కొట్టులో ఎందఱున్నారని తలలు లెక్కపెట్టు చట్టము, వానిపై నియమము పెట్టునప్పుడు ఆ లెక్కను మఱచినది. 2025లో మన రాష్ట్ర మంత్రివర్గము దినపు పనిగంటల హద్దును 9 నుండి 10కి పెంచుటకు నిర్ణయించిన సంగతియు ఇచ్చట స్మరింపవలెను.

ఎదుటి పక్షమును ఆలకింపకుండుట న్యాయము కాదు. చిన్న మిల్లుదారుడు కోటీశ్వరుడు కాడు. కరెంటు బిల్లు, బ్యాంకి వడ్డీ, ఇన్స్పెక్టరు దర్శనములు వానిని క్రుంగదీయుచున్నవి. రిజిస్టర్లు వ్రాయుటకే ఒక గుమాస్తా కావలెనని వారు మొఱపెట్టుచున్నారు. ఇందు సత్యము లేకపోలేదు. క్రొత్త స్మృతులలో మేలును కలదు. కనీసవేతనపు హక్కు ఇప్పుడు అన్ని ఉద్యోగములకును వర్తించును, నియామకపత్రము తప్పనిసరియైనది, నలువది ఏండ్లు దాటిన పనివానికి ఏటేట ఉచిత వైద్యపరీక్ష చేయింపవలెను. ఇవి మంచివి. కాని రిజిస్టర్లు తగ్గించుట వేఱు, రక్షణ తగ్గించుట వేఱు. వ్రాతపని ఎక్కువైనచో వ్రాతపనిని తగ్గింపవలెను. బెల్టుకు తొడుగు వేయుట వ్రాతపని కాదు. చిన్న మిల్లుదారుని కష్టమును వానికన్న చిన్నవాడైన హమాలీ వీపుపై మోపుట పరిష్కారము కానేరదు.

పైగా హక్కు పుస్తకమున నుండుట వేఱు, చేతికి వచ్చుట వేఱు. మిల్లులో చేయి పోయిన కూలి న్యాయస్థానమునకు వచ్చినపుడు వానిని ఎదుర్కొను మొదటి ప్రశ్న, ఎంత నష్టమనునది కాదు. నీ యజమాని ఎవరనునది. మిల్లుదారుడు ఇతడు మేస్త్రి మనిషి యనును. మేస్త్రి నేనును కూలివాడనే, జట్టుకు పెద్దను మాత్రమే యనును. ఉదయము ఒక మిల్లులో, మధ్యాహ్నము ఒక గిడ్డంగిలో, సాయంకాలము లారీమీద బస్తాలెత్తు మనిషికి ఏ ఒక్కరును యజమాని కారు, అందఱును యజమానులే. ఈ చిక్కును కొట్టు లెక్కను కట్టిన ఏ చట్టమును విప్పజాలదు.

విప్పుటకు మార్గము లేదా? కలదు, దేశమున అన్యత్ర ఆచరణలో నున్నది. 1918లో అహమ్మదాబాదు సమ్మెలో గాంధీజీ, అనసూయా సారాభాయిగారు ఒక్క మిల్లు పనివారి కొఱకు నిలువలేదు. పట్టణపు నేతమిల్లుల పనివారందఱి కొఱకు నిలిచిరి. 1920లో ఏర్పడిన మజూర్ మహాజన సంఘము ఊరి సంఘము. దాని నీడనే ఇలా భట్టుగారు 1972లో తట్టలు మోయు, ఇంటివద్ద కుట్టుపని చేయు స్త్రీలకు సంఘము పెట్టగా, మీకు యజమాని లేడు గావున సంఘము లేదని అధికారులు ఆక్షేపించిరి. సంఘము యజమానిపై పోరుటకు మాత్రమే కాదు, పనివారి ఐక్యమునకు అని ఆమె వాదించి నమోదు చేయించిరి. 1969లో మహారాష్ట్రమున మాథాడీ హమాలీల చట్టము వచ్చినది. అందు ప్రకారము సరకు మోయించుకొను వర్తకుడు కూలిని, దానిపై కొంత లెవీని ఒక బోర్డునకు చెల్లించును; ఆ బోర్డు కూలీలకు కూలిని, ప్రావిడెంటు ఫండును, సెలవును, వైద్యమును సమకూర్చును. ఎవడు యజమాని యను ప్రశ్నయే అచ్చట లేదు. మన రాష్ట్రమునందును 1976లో ముఠా, జట్టు, హమాలీ కార్మికుల కొఱకు అట్టి శాసన మొకటి వెలువడినది. శాసనము అచ్చుపడుట వేఱు. ఊరిలో బోర్డు కూర్చుండి, లెవీ వసూలై, గాయపడ్డవాని ఇంటికి డబ్బు చేరుట వేఱు. తెనాలి, బాపట్ల, రేపల్లెలలో అట్టి బోర్డు నడవవలెనని అడుగుట కూలివారి మొదటి కోరిక కావలెను.

దీనికి సంఘము కావలెను. సంఘము నమోదునకు ఏడుగురు సంతకము చేసిన చాలును. ఆ స్థలమునందో ఆ పరిశ్రమయందో పనిచేయువారిలో పదవవంతు గాని, నూఱుమంది గాని, ఏది తక్కువయో అంతమంది సభ్యులుండవలెను. పరిశ్రమ యను మాటను గమనింపుడు. ఊహకు ఒక లెక్క వేయుదము. ఊరిలో ఇరువది మిల్లులు, మిల్లునకు ఎనమండుగురు. మిల్లు లెక్కను చూచిన వీరు ఎక్కడను చట్టపు గడప దాటరు. ఊరి లెక్కను చూచిన వీరు 160 మంది; సంఘమునకు చాలినదే కాక మిగులును. ఎనమండుగురు పని మానిన మిల్లుదారుడు మఱి ఎనమండుగురిని పిలుచుకొనును. 160 మంది ఒక్క మాటపై నిలిచిన పిలుచుటకు మఱి ఎవరును ఉండరు. చీరాల నేర్పినది ఇదియే. పెదనందిపాడు నేర్పినది ఇదియే.

అయితే మూడు జాగ్రత్తలు. ఊరి సంఘము ఏ పక్షమునకును తోక కారాదు. జెండా ఏదైనను చందాపుస్తకము ఒక్కటే యుండవలెను. అది మగవారి సంఘము మాత్రమే కారాదు. గచ్చుమీద ధాన్యము తిరుగవేయు స్త్రీకి, పసుపుకొమ్ములు ఏరు స్త్రీకి అందు సమానమైన పీట వేయవలెను. ఒక పేటవారు అధ్యక్షులు, వేఱొక పేటవారు చందాదారులు అను ఏర్పాటు అందు తలయెత్తరాదు. ఈ మూడింటిలో ఏది తప్పినను పాత కథయే తిరిగి నడచును.

పఠనమందిరములలో ఈ పత్రికను చదువు పట్టణవాసులకు ఒక్క మనవి. 1913లో బాపట్లలో మొదటి ఆంధ్రమహాసభ కూడినపుడు మన పెద్దలు ఆంధ్రులకొక రాష్ట్రము కావలెనని తలపోసిరి. రాష్ట్రము వచ్చినది. 1931లో కరాచీ కాంగ్రెసు, స్వరాజ్యమున పనివానికి జీవింపదగిన వేతనమును, పరిమితమైన పనిగంటలును ఉండవలెనని తీర్మానించినది. మన రాజ్యాంగము తన 43వ అధికరణమున ఆ మాటనే ఆదేశికసూత్రముగా స్వీకరించినది. ఆ బాకీ ఇంకను తీరలేదు. తీర్చుటకు మనము కర్మాగారములు కట్టనక్కఱలేదు, తుపాకులకు ఎదురేగనక్కఱలేదు. ప్రతి పఠనమందిరపు గోడపై కనీసవేతనముల పట్టికను, చదువను వచ్చినవాడు చదువలేనివానికి చదివి చెప్పునట్లు, పెద్ద అక్షరములతో అతికింపుడు. వారమునకొక సాయంకాలము న్యాయవాది యొకడు ఆ బల్లవద్ద కూర్చుండి, దరఖాస్తు వ్రాయ నేరని కూలికి ఉచితముగ వ్రాసిపెట్టుగాక. వైద్యులు ఒక పూట కేటాయించి హమాలీల ఊపిరితిత్తులను పరీక్షింతురు గాక. సంఘము కట్టుట కూలివారి పని. ఆ సంఘము నిలుచుటకు అక్షరమును చట్టమును అందించుట చదువుకొన్నవారి విధి.

దంపుడు స్త్రీలు ఓడిపోయినపుడు పట్టణము చూచుచు ఊరకుండెను. నేడు మరల క్రొత్త యంత్రములు వచ్చుచున్నవి. బియ్యపు గింజల రంగు పోల్చి ఏరివేయు యంత్రము మిల్లులో అడుగుపెట్టినది; కోతయంత్రము పొలములో కూలి దినములను మ్రింగుచున్నది. యంత్రము రాకమానదు, ఆపుడని మేము అనము. దానివలన మిగిలిన కాయకష్టములో, కలిగిన లాభములో కూలివానికి భాగము ఏది యని అడుగు నోరు మాత్రము ఈసారి ఊరిలో సిద్ధముగా నుండవలెను. ఆ నోరు ఇరువదవ మనిషి కొఱకు ఎదురుచూడరాదు.